స్టెంట్ వేశాక మిగిలే దిగులు

గుండెపోటు నుంచి బయటపడి, నెల్లూరు ఆసుపత్రి నుంచి తోటపల్లి గూడూరు మండలంలోని సొంతూరికి చేరిన మనిషి చేతిలో ఒక ఫైలు ఉంటుంది. ఈసీజీ కాగితాలు, ఎకో రిపోర్టు, యాంజియో సీడీ, అన్నిటికన్నా పైన మందుల చీటీ. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, రాత్రికి అటోర్వాస్టాటిన్, పొద్దున మెటోప్రొలాల్, రామిప్రిల్, నొప్పొస్తే నాలుక కింద పెట్టుకోవడానికి సార్బిట్రేట్. ఉప్పు తగ్గించాలి, బీడీ మానాలి, నెలకు మళ్లీ చూపించుకోవాలి. ఈ చీటీలో ప్రతి మాత్ర వెనకా దశాబ్దాల పరిశోధన ఉంది. మాత్రలన్నీ గుండె కోసమే. ఆ గుండెను మోసుకుని ఇంటికొచ్చిన మనిషి ఎలా ఉన్నాడో అడిగే గడి మాత్రం ఆ ఫైలులో ఎక్కడా ఉండదు.

గుండెపోటు వచ్చి బతికిన ప్రతి అయిదుగురిలో సుమారు ఒకరికి, మంచం మీద ఉండగానో ఇంటికొచ్చిన తొలి వారాల్లోనో, వైద్యం చేయవలసినంత డిప్రెషన్ ఉంటుందని అనేక దేశాల పరిశీలనల్లో తేలింది. అంతకన్నా తక్కువ మోతాదులో దిగులు పడేవాళ్లు ఇంకా ఎక్కువ. ఇంత సాధారణమైన జబ్బు ఇంత తేలిగ్గా తప్పించుకుపోవడానికి కారణాలున్నాయి. వాటిలో కొన్ని వైద్యంలో ఉన్నాయి, కొన్ని మన ఇళ్లలో, మన పలకరింపుల్లో ఉన్నాయి.

తోటపల్లి గూడూరు నెల్లూరుకు తూర్పున, సముద్రానికి ఆనుకుని ఉన్న మండలం. పడమటి ఊళ్లకు పెన్నా కాలవల నీళ్లు, వరి. తూర్పుకు పోయేకొద్దీ రొయ్యల చెరువులు, కొత్తకోడూరు దగ్గర సముద్రం, ఒడ్డున మత్స్యకారుల పాలేలు. కిందికి దిగితే ముత్తుకూరు మండలం, కృష్ణపట్నం రేవు. కాయకష్టం చేసేవాళ్ల ప్రాంతమిది. గుండెజబ్బు పట్నపు కుర్చీల్లో కూర్చునేవాళ్లదనే పాత నమ్మకం ఇలాంటి చోట్ల ఎప్పుడో చెదిరిపోయింది. ఉభయ గోదావరి జిల్లాల్లో 45 ఊళ్లలో, లక్షా 80 వేల జనాభాలో ఎవరు దేనితో చనిపోతున్నారని 2003, 2004 సంవత్సరాల్లో ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ఆరోగ్య అధ్యయనం ఇంటింటికీ తిరిగి లెక్క తీసింది. మరణాల్లో దాదాపు మూడోవంతు గుండె, రక్తనాళాల జబ్బులవే. అదీగాక మనవాళ్లకు ఇది ముందే వస్తుంది. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో దక్షిణాసియా వాసులకు తొలి గుండెపోటు సగటున 53 ఏళ్లకే వచ్చింది, మిగతా ప్రాంతాల్లో 59కి కాస్త అటూ ఇటూ. 53 ఏళ్లంటే అప్పులు తీరని వయసు, పిల్లల పెళ్లిళ్లు మిగిలున్న వయసు. ఆ వయసులో పడకెక్కిన మనిషి మనసులో ఏముంటుందో ఆలోచిస్తే, ఈ దిగులు ఎందుకొస్తుందన్న ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే.

ఒక రొయ్యల రైతును ఊహించుకుందాం. ఊళ్లో నాలుగెకరాల చెరువు, అందులో సగం కౌలు. మేత దుకాణంలో అప్పు. పోయిన పంటకు తెల్లమచ్చ వైరస్ తగిలింది. గుండెపోటు వచ్చింది, స్టెంట్ పడింది, నెలన్నర గడిచింది. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తుంది, మళ్లీ నిద్ర పట్టదు. లేచి అరుగు మీద కూర్చుంటాడు. చెరువు మీద ఏరేటర్లు తిరిగే చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది, లేచి అటు పోబుద్ధి కాదు. గట్టు మీద చెక్‌ట్రే ఎత్తి రొయ్య మేత తింటోందో లేదో చూడటం ముప్పయ్యేళ్లుగా ఆయన పని. ఇప్పుడది కొడుకు చూస్తున్నాడు. ఎలా ఉందని కొడుకును అడగడు కూడా. చేపల పులుసు పెడితే రెండు ముద్దలు కెలికి లేస్తాడు. ఫోను మోగితే ఆగిపోయేదాకా చూస్తూ ఊరుకుంటాడు. వచ్చినవాళ్లు వరసగా ఒకటే మాటంటారు: ‘గమ్మునుండు మామా, నీకేం తక్కువ, ఇంట్లో కూర్చోని రెస్టు తీసుకో.’

ఆయన ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరకు పోతే మనసు బాగాలేదని చెప్పడు. నీరసంగా ఉందంటాడు. దడగా ఉందంటాడు. ఎడం చెయ్యి లాగతా ఉందంటాడు. అవన్నీ నిజమే, ఆయన ఏదీ దాచడం లేదు. డిప్రెషన్ మనదేశంలోనే కాదు, చాలాచోట్ల ముందు ఒంట్లోనే కనిపిస్తుంది. గుండెపోటు వచ్చిన మనిషి దడ అంటే ఎవరైనా గుండెనే అనుమానిస్తారు, అనుమానించాలి కూడా. నెల్లూరు తీసుకుపోతారు, ఈసీజీ తీస్తారు, కొత్తగా ఏమీ ఉండదు. ‘నీకేం లేదు పెద్దాయనా, ధైర్యంగా ఉండు’ అని పంపిస్తారు. ఆ మాట చెప్పిన డాక్టరు మంచి ఉద్దేశంతోనే చెబుతాడు. కానీ రాత్రంతా మేలుకున్న మనిషికి తనకేం లేదని వినడం ఊరట కాదు. ఏమీ లేకపోయినా ఇలా ఉన్నానంటే తప్పు నాలోనే ఉందనుకుంటాడు. ధైర్యం చాలని మనిషినని నిర్ధారించుకుంటాడు.

గుండెపోటు తర్వాత కొన్నాళ్లు దిగులుగా ఉండటం సహజం. చావు దగ్గరకు పోయొచ్చిన మనిషి బెదరడా? చాలామందికి అది రోజులు గడిచేకొద్దీ పలచబడుతుంది. మనవరాలు వచ్చిందంటే నవ్వుతారు, పేపరు చదువుతారు, పంట ధర అడుగుతారు. డిప్రెషన్‌లో అలా తెరిపి ఉండదు. రెండు వారాలకు మించి, ఇంచుమించు ప్రతిరోజూ, రోజులో ఎక్కువ భాగం మనసు కుంగి ఉండటం, లేదా ఇదివరకు ఇష్టమైన దేనిమీదా ఆసక్తి లేకపోవడం దీనికి గుర్తు. నీరసం, ఆకలి మందగించడం గుండెజబ్బు వల్లా రావచ్చు, కాబట్టి వాటితో మాత్రమే తేల్చలేం. గుండె బలహీనత వల్ల రానివి వేరే ఉన్నాయి: ఇంటికి బరువైపోయానన్న బాధ, చేయని తప్పులకు తనను తాను నిందించుకోవడం, ఆ రోజే పోయుంటే బాగుండేదన్న ఆలోచన. ఇవి వినిపించాయంటే ఈసీజీ కాగితం ఎంత బాగున్నా వైద్యం అవసరమే.

కొందరు మెటోప్రొలాల్ వంటి బీటా బ్లాకర్ల వల్లే ఈ దిగులు వస్తుందని నమ్మి వాటిని మానేస్తుంటారు. అది ప్రమాదం. పాత పరిశోధనలన్నీ కలిపి 2002లో సమీక్షించినప్పుడు, ఈ మందులతో అలసట కాస్త పెరుగుతుందని తేలింది గాని డిప్రెషన్ గణనీయంగా పెరిగిన దాఖలా కనబడలేదు. అలసట ఇబ్బందిగా ఉంటే డాక్టరును అడిగి మోతాదు మార్చుకోవచ్చు, సొంతంగా ఆపకూడదు.

డిప్రెషన్ మనసుకు సంబంధించిన కష్టంగా మాత్రమే మిగలదని వైద్యలోకం గట్టిగా గమనించింది 1993లో. కెనడాలోని మాంట్రియల్‌లో నాన్సీ ఫ్రేజర్ స్మిత్, ఆమె సహచరులు గుండెపోటుతో చేరిన 222 మందిని ఆసుపత్రిలోనే కూర్చోబెట్టి మాట్లాడించి, ఎవరికి డిప్రెషన్ ఉందో గుర్తించి ఆరు నెలలు వెంబడించారు. డిప్రెషన్ ఉన్నవాళ్లలో నూటికి 17 మంది ఆలోగా చనిపోయారు. లేనివాళ్లలో నూటికి ముగ్గురు. గుండె ఎంత దెబ్బతిన్నదన్నది లెక్కలోకి తీసుకున్నా తేడా నిలిచింది. ఆ తర్వాత ఎన్నో దేశాల్లో ఎన్నో పరిశీలనలు జరిగాయి. తేడా ఎంతన్నది ఒక్కోచోట ఒక్కోలా వచ్చింది గాని, దిశ మారలేదు. 2014లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ నియమించిన నిపుణులు ఈ ఆధారాలన్నీ చదివి, గుండెపోటు తర్వాతి డిప్రెషన్‌ను ముప్పు పెంచే కారణాల సరసన చేర్చాలని సిఫార్సు చేశారు.

మనసు కుంగిపోతే గుండె ఎందుకు నష్టపోతుంది? శరీరం లోపల కొన్ని దారులు కనిపిస్తున్నాయి. డిప్రెషన్‌లో ఉన్నవారి రక్తంలో ప్లేట్‌లెట్లు తొందరగా అతుక్కునే స్వభావం చూపుతాయి, స్టెంట్ పడిన మనిషికి ఇది మంచిది కాదు. గుండె వేగాన్ని సందర్భాన్ని బట్టి సర్దే నాడుల పట్టు సడలుతుంది. వాపును సూచించే పదార్థాలు రక్తంలో ఎక్కువగా ఉంటాయి. ఇవన్నీ ఆసక్తికరమైనవే, కానీ మన ఊళ్లకు పనికొచ్చే సంగతి శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో జరిగిన ‘హార్ట్ అండ్ సోల్’ అధ్యయనంలో బయటపడింది. గుండె రక్తనాళాల జబ్బున్న 1017 మందిని అక్కడ మేరీ వూలీ బృందం ఏళ్ల తరబడి వెంబడించింది. డిప్రెషన్ ఉన్నవాళ్లలో గుండెపోటు, పక్షవాతం, మరణం వంటివి ఎక్కువగానే వచ్చాయి. అయితే వాళ్లు మందులు సరిగా వేసుకుంటున్నారా, పొగ తాగుతున్నారా, ఒళ్లు కదిలిస్తున్నారా అన్నవి లెక్కలో కలపగానే ఆ అదనపు ముప్పు చాలావరకు వీటితోనే వివరించగలిగేదిగా తేలింది. అన్నిటికన్నా ఎక్కువ వాటా ఒళ్లు కదల్చకపోవడానిది.

ఈ ఫలితాన్ని పట్టుకుని మన అరుగుల దగ్గరకు రండి. గుండెపోటు వచ్చిన మనిషి మీద ఊరంతటికీ ఉండే ప్రేమ ఒకే రూపంలో బయటపడుతుంది: కదలనివ్వకపోవడం. బకెట్టు ఎత్తనివ్వరు, చెరువు దాకా పోనివ్వరు, మెట్లెక్కనివ్వరు. తొలి రోజుల్లో కొంత జాగ్రత్త అవసరమే. చిక్కులేవీ లేని మనిషికి అది కొన్ని వారాల ముచ్చట. దాన్ని నెలల తరబడి సాగదీస్తే రెండు నష్టాలు ఒకేసారి జరుగుతాయి. కండ బలం తగ్గి చిన్న పనికే ఆయాసం వస్తుంది, ఆయాసం రాగానే గుండె చెడిందని భయం వేస్తుంది, భయంతో ఇంకా కదలడు. మరోవైపు, పని పోయిన చేతులతో కూర్చున్న మనిషికి తాను ఎందుకూ పనికిరానన్న ఆలోచన ముదురుతుంది. వేటకు పోయే మత్స్యకారుడైతే మరీ కష్టం. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉన్నప్పుడు అందరితోబాటు ఒడ్డునుంటాడు. ఆ 61 రోజులూ గడిచి పడవలు కదిలిన రోజున, వలలో వాటా లేకుండా తానొక్కడే ఇసుకలో మిగిలిపోతాడు.

అందుకే నడక ఇక్కడ వ్యాయామం మాత్రమే కాదు, వైద్యంలో భాగం. డాక్టరు సరేనన్నాక చదునైన సిమెంటు రోడ్డు మీదో కాలవ కట్ట మీదో మొదట పది నిమిషాలు, వారం వారం పెంచుకుంటూ అరగంట దాకా. నడుస్తూ మాట్లాడగలిగితే వేగం సరిపోయినట్టు. మాట తెగిపోతుంటే తగ్గించాలి. కొత్తకోడూరు వాళ్లు తొలి వారాల్లో ఇసుకలో నడవకపోవడమే మేలు, కాలు దిగబడే మెత్తటి ఇసుక రోడ్డు కన్నా ఎక్కువ శ్రమ పెడుతుంది. అన్నం తినగానే వద్దు, వేసవిలో పగటిపూట వద్దు. పక్కన ఎవరైనా ఉంటే మరీ మంచిది. నడక తోడు పలకరింపు తోడుగా మారుతుంది.

దేశంలో 24 ఆసుపత్రుల్లో గుండెపోటు వచ్చిన 3959 మందితో ‘యోగా కేర్’ అనే ప్రయోగం జరిగింది. మూడు నెలల్లో 13 తరగతులు, ఆసనాలు, ఊపిరి సాధన, నలుగురూ కూర్చుని మాట్లాడుకోవడం. మరణాలు, రెండో గుండెపోట్లు చెప్పుకోదగ్గంత తగ్గలేదు. అయితే యోగా నేర్చినవాళ్లు తమ ఆరోగ్యం మెరుగ్గా ఉందని చెప్పారు, గుండెపోటుకు ముందు చేసుకునే పనుల్లోకి ఎక్కువగా తిరిగొచ్చారు. నా దృష్టిలో అది చిన్న ఫలితం కాదు. చెరువు గట్టెక్కగలిగిన మనిషికి దాని విలువ తెలుసు.

మరి అసలు వైద్యం సంగతి? డిప్రెషన్‌కు మందులున్నాయి, మాటలతో చేసే చికిత్సలున్నాయి. గుండెపోటు వచ్చినవాళ్ల మీద వీటిని పరీక్షించిన కథ కొంచెం ఓపికగా వినాలి, ఎందుకంటే అందులో ఆశాభంగమూ ఉంది, ఊరటా ఉంది.

పాతకాలపు డిప్రెషన్ మందులు, అమిట్రిప్టిలిన్, ఇమిప్రమిన్ వంటివి, గుండె లయను దెబ్బతీయగలవు. గుండెపోటు వచ్చినవాళ్లకు వాటిని ఇవ్వకూడదు. తలనొప్పికీ నరాల మంటకీ నిద్రకీ అమిట్రిప్టిలిన్ రాయడం మన దగ్గర మామూలే, కాబట్టి గుండె రోగి ఇంట్లో ఆ మాత్ర ఉంటే డాక్టరుకు చూపించి తీరాలి. తర్వాత వచ్చిన సెర్ట్రలీన్‌ను ఇటీవలే గుండెపోటో గుండె నొప్పో వచ్చిన 369 మందికి ఇచ్చి చూసిన ప్రయోగం 2002లో వెలువడింది. గుండె పని తీరు తగ్గలేదు, లయ చెడలేదు. డిప్రెషన్, ముఖ్యంగా ముదిరిన డిప్రెషన్, తగ్గింది. అప్పటిదాకా గుండె రోగికి మనసు మందు రాయడానికి భయపడిన డాక్టర్లకు దాంతో ధైర్యం వచ్చింది.

ఆ మరుసటి ఏడాది వచ్చిన ఫలితం అందరినీ నిరాశపరిచింది. అమెరికాలో ఎన్‌రిచ్డ్ అనే ప్రయోగంలో దిగులుతోనో తోడులేకుండానో ఉన్న 2481 మంది గుండెపోటు రోగుల్లో సగం మందికి కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అనే మాటల చికిత్స, మిగతావాళ్లకు మామూలు వైద్యం ఇచ్చారు. మనసు మెరుగైంది. ఆయుష్షు పెరగలేదు. మళ్లీ గుండెపోటు రాకుండా బతికి ఉన్నవారు రెండు గుంపుల్లోనూ నూటికి ఇంచుమించు 76 మందే. దక్షిణ కొరియాలోని గ్వాంగ్జులో మాత్రం కథ వేరుగా నడిచింది. 300 మందికి ఆరు నెలలు ఎస్సిటాలోప్రామ్ అనే డిప్రెషన్ మందో, ఉత్తుత్తి మాత్రో ఇచ్చి ఎనిమిదేళ్లు వెంబడించి 2018లో ఫలితం చెప్పారు. మందు వేసుకున్నవాళ్లలో నూటికి 41 మందికి, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో నూటికి 54 మందికి గుండె సంబంధమైన కొత్త ఆపదలు వచ్చాయి. అయినా మొత్తం మరణాల్లో స్పష్టమైన తేడా రాలేదు.

కాబట్టి డిప్రెషన్‌కు వైద్యం చేస్తే గుండెపోటు మళ్లీ రాదని ఎవరైనా హామీ ఇస్తే నమ్మొద్దు. ఆ మాట ఇంకా రుజువు కాలేదు. కొందరు దీన్ని పట్టుకుని, ఆయుష్షు పెంచని వైద్యం ఎందుకంటారు. ఆ వాదన నాకు మింగుడుపడదు. విరిగిన కాలికి కట్టు కడుతున్నప్పుడు దానివల్ల గుండెకేం లాభమని ఎవరూ అడగరు. తెల్లవారుజామున మూడింటికి అరుగు మీద కూర్చుని తాను పోవడమే ఇంటికి మేలని లెక్కలు వేసుకుంటున్న మనిషికి ఆ బాధ తీర్చే వైద్యం ఉంది. అది పనిచేస్తుందని, గుండెకు హాని చేయదని తెలుసు. వైద్యం మొదలుపెట్టడానికి ఆ కారణం చాలు.

మందు మొదలుపెట్టేముందు ఇంట్లోవాళ్లకు చెప్పాల్సినవి కొన్నున్నాయి. ఫలితం కనబడటానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. మొదటి వారం వికారమో కడుపులో తిప్పటమో ఉండొచ్చు, అప్పుడే ‘ఈ మందు పడలేదు’ అని ఆపేస్తారు చాలామంది. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వేసుకుంటున్న మనిషికి సెర్ట్రలీన్ రకం మందులు కలిస్తే రక్తస్రావం అయ్యే అవకాశం కొంచెం పెరుగుతుంది, మలం నల్లగా వస్తే వెంటనే చూపించుకోవాలి. ఎస్సిటాలోప్రామ్ మోతాదు పెరిగితే ఈసీజీలో ఒక విరామం సాగే వీలుంది కాబట్టి డాక్టరు ఈసీజీ చూసి రాస్తారు. బాగైపోయాక కూడా కనీసం ఆరు నెలలపాటు కొనసాగించాలి, ఆపేటప్పుడు మెల్లగా తగ్గించాలి. ఇవి మత్తుమందులు కావు, ‘పిచ్చి మందులు’ అంతకన్నా కావు. మత్తుకు అలవాటుపడే ప్రమాదం ఉన్నది మన ఊళ్లలో నిద్రకోసం చీటీ లేకుండానే కొనుక్కునే ఆల్‌ప్రజోలామ్‌తో. అది ఒక రాత్రి నిద్ర పట్టిస్తుందేమో గాని డిప్రెషన్‌ను తగ్గించదు.

మాటల చికిత్స అనగానే సోఫా, పెద్ద ఫీజు గుర్తొస్తే అది గోవా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల సంగతి తెలియకపోవడం వల్ల. అక్కడ విక్రమ్ పటేల్ బృందం మానసిక వైద్యంలో చదువు లేని స్థానికులకు శిక్షణ ఇచ్చి, డిప్రెషన్ ఉన్న 495 మందితో పరీక్షించింది. ఆరు నుంచి ఎనిమిది సార్లు కూర్చుని మాట్లాడటమే చికిత్స. మనసు బాగయ్యాక పని చేద్దామని ఎదురుచూడకుండా, చిన్న పనితో మొదలుపెట్టి మనసును దాని వెంట రానివ్వడం దాని కీలకం. మూడు నెలలకు చికిత్స అందినవారిలో నూటికి 64 మంది తేరుకున్నారు, మామూలు వైద్యం అందినవారిలో 39 మంది. 2017లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. మన రొయ్యల రైతు విషయంలో ఆ చిన్న పని ఏదవుతుంది? రేపు పొద్దున ఆరింటికి గట్టు దాకా పోయి, ఒక్క చెక్‌ట్రే చూసి, మేత మిగిలిందో లేదో కొడుకుకు చెప్పడం. అంతే. ఎల్లుండి రెండు. చేశాక మనసు ఎలా ఉందో ఒక కాగితం మీద రాసుకోవడం. వినడానికి ఇది వైద్యంలా ఉండదు, చేయించడానికి మాత్రం శిక్షణ కావాలి, వారం వారం వచ్చి అడిగే మనిషి కావాలి.

ఇంటావిడ గురించి ఒక మాట. గుండెపోటు వచ్చిన రాత్రి నుంచి ఆమె కూడా సరిగా నిద్రపోయి ఉండదు. భర్త ఊపిరి ఆడుతోందో లేదో మధ్యరాత్రి లేచి చూసుకునే భార్యలు ఎందరో. ఆమె దిగులు ఎవరి లెక్కలోకీ రాదు. వాళ్లిద్దరి మధ్యా ఇంకొకటి ఉంటుంది, ఎవరూ పైకి అనరు: కలిసి ఉంటే గుండెకు ఏమవుతుందోనన్న భయం. ఆ భయంతోనే దూరం జరిగి, ఆ దూరాన్ని ఆయన తిరస్కారమనీ ఆమె కోపమనీ అనుకుంటూ ఏళ్లు గడిపేస్తారు. ఆయాసం గాని నొప్పి గాని లేకుండా రెండంతస్తుల మెట్లు ఎక్కగలిగిన మనిషికి సాధారణంగా దాంపత్య జీవితానికి అడ్డు లేదని గుండె డాక్టర్లు చెబుతారు. అయితే నొప్పికి సార్బిట్రేట్ వాడేవాళ్లు వయాగ్రా రకం మాత్రలు ఎట్టి పరిస్థితుల్లోనూ వేసుకోకూడదు, రెండూ కలిస్తే బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది. ఈ రెండు వాక్యాలు డిశ్చార్జి రోజున చెబితే ఎన్నో ఇళ్లలో ఒక మౌనం తొలగిపోతుంది. ఇక గుండెపోటు వచ్చింది ఆమెకే అయితే డిప్రెషన్ వచ్చే అవకాశం మగవారికన్నా ఎక్కువ, గుర్తించేవాళ్లు తక్కువ. ఇంటికొచ్చిన వారానికే పొయ్యి దగ్గర నిలబడితే కోలుకుందనుకుంటారు.

ఇదంతా ఎవరు చేయాలి? మానసిక వైద్యులు పట్నంలో ఉన్నారు. నెల్లూరు పెద్దాసుపత్రి దాకా పోతే దొరుకుతారు, కానీ ‘మెంటల్ డాక్టరు’ దగ్గరకు పోయాడన్న పేరు పడుతుందని పోరు. మన రాష్ట్రంలోనే దీనికి ఒక దారి వేసి చూశారు. పశ్చిమ గోదావరి జిల్లాలో 30 గిరిజన గ్రామాల్లో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ వాళ్లు ‘స్మార్ట్ మెంటల్ హెల్త్’ అనే పని చేపట్టారు. ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్ ఇచ్చి, ఇంటింటికీ పోయి దిగులు, ఆందోళన గురించి ప్రశ్నలు అడిగించారు. 5007 మందిని అడిగారు. అవసరమున్నవాళ్ల వివరాలు పీహెచ్‌సీ డాక్టరు ట్యాబ్‌లోకి చేరాయి. డాక్టరుకు ఏం వైద్యం చేయాలో అందులోనే సూచనలున్నాయి. అంతకుముందు అవసరమున్నవాళ్లలో నూటికి ఒక్కరు కూడా మానసిక వైద్యం అందుకోలేదు, తర్వాత 12 మంది దాటారు. అదే పద్ధతిని పశ్చిమ గోదావరిలోనూ హరియాణాలోనూ 44 పీహెచ్‌సీల పరిధిలో పెద్ద ఎత్తున పరీక్షించి 2024లో ఫలితాలు ప్రకటించారు. ఏడాది గడిచేసరికి ఈ పద్ధతి నడిచిన ఊళ్లలో డిప్రెషన్ తీవ్రత తగ్గింది, తేరుకున్నవాళ్లు ఎక్కువయ్యారు.

విశాఖపట్నంతో సహా నాలుగు నగరాల షుగరు క్లినిక్కుల్లో ఇంకో ప్రయోగం జరిగింది. షుగరుతోబాటు డిప్రెషన్ ఉన్న 404 మందిలో సగం మందికి ఒక సహాయకుడిని కేటాయించారు. ఆ మనిషి ఫోను చేసి మనసు గురించీ షుగరు గురించీ కలిపే అడుగుతాడు, అంకెలు పట్టుకుపోయి డాక్టర్లతో చర్చిస్తాడు, మందు మార్పించుకొస్తాడు. రెండేళ్ల తర్వాత డిప్రెషన్ సగానికి తగ్గి, దాంతోబాటు షుగరు, బీపీ, కొలెస్ట్రాల్‌లో కనీసం ఒకటి మెరుగైనవాళ్లు నూటికి 72 మంది. మామూలు వైద్యంలో 57. తోటపల్లి గూడూరుకు నేను కోరుకునేది ఇదే: మనసు వైద్యం బీపీ మాత్ర ఇచ్చే చోటే దొరకాలి, అదే ఆశా అక్క అడగాలి, అదే నర్సమ్మ రాసుకోవాలి. అప్పుడు ఎవరు దేనికొచ్చారో చూసే కన్ను ఉండదు.

ఆర్‌ఎంపీలను ఇందులోంచి బయటపెట్టి ఆలోచించడం ఈ ప్రాంతంలో కుదరదు. నెల్లూరులో కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య గారి సోదరుడు డాక్టర్ రామచంద్రారెడ్డి పేరుతో నడిచే ప్రజావైద్యశాలకు గ్రామీణ వైద్యులకు శిక్షణ ఇవ్వడంలో ఎంతో పేరుంది. నీరసం, దడ అనే మాటను మొదట వినేది గ్రామీణ వైద్యుడే. ఆయన మందు రాయనక్కర్లేదు. సెలైన్ పెట్టే ముందు రెండు ప్రశ్నలు అడిగితే చాలు: ‘ఈ రెండు వారాల్లో ఏ పని మీదా ఆసక్తి లేకుండా ఉందా? మనసు కుంగిపోయి, ఆశ లేనట్టుగా ఉందా?’ అవునంటే పూర్తి ప్రశ్నావళి ఉంది, తొమ్మిది ప్రశ్నలు, మొత్తం 27 మార్కులు, పది గాని అంతకు మించి గాని వస్తే డాక్టరు చూడాలి. మబ్బు పట్టిన తెల్లవారుజామున చెరువు పైకి నిమ్మళంగానే కనిపిస్తుంది, నీళ్లలో ఆక్సిజన్ పడిపోయి ఉంటుంది. రైతు కంటిచూపును నమ్మకుండా మీటరు పెడతాడు. ఈ తొమ్మిది ప్రశ్నలూ అలాంటి మీటరు.

మీటరు పెట్టి ఏరేటరు వేయకపోతే లాభం లేదు. అమెరికాలో గుండె రోగులు 1500 మందితో చేసిన ప్రయోగం 2019లో ఇదే చూపింది. ప్రశ్నలడిగి ఫలితాన్ని వాళ్ల డాక్టరుకు తెలియజేసి వదిలేసిన గుంపుకు ఏ మేలూ జరగలేదు. వైద్యం కూడా జోడించిన గుంపులోనూ పెద్ద తేడా రాలేదు, దానికి ఒక కారణం అందులో డిప్రెషన్ ఉన్నవాళ్లే తక్కువ దొరకడం. కాబట్టి అడగడం మొదలుపెట్టే ముందు ఎవరి దగ్గరకు పంపాలో, ఎన్నాళ్లకు మళ్లీ అడగాలో పీహెచ్‌సీలో తేల్చుకుని ఉండాలి. డిశ్చార్జయిన మూడో వారంలో ఒకసారి, రెండో నెలలో ఒకసారి, ఆరో నెలలో ఒకసారి అడగడం మంచి అలవాటు. మందు మొదలైతే నెలకోసారి.

తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచన గురించి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది జంకుతారు. అలా జరగదని పరిశోధనలు చెబుతున్నాయి, అడిగినప్పుడు చాలామందికి భారం దిగుతుంది. జవాబు అవునైతే ఆ మనిషిని ఆ రోజు ఒంటరిగా వదలకూడదు. చెరువు షెడ్డులో, పొలం కొట్టంలో ఉండే పురుగుమందు డబ్బాలు తాళంలోకి పోవాలి, మాత్రల పెట్టె ఇంట్లోవాళ్ల చేతిలో ఉండాలి. 14416కు ఫోను చేస్తే కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ సేవలో తెలుగులో మాట్లాడేవాళ్లు రాత్రీ పగలూ దొరుకుతారు, డబ్బు తీసుకోరు. ఆ నంబరును మందుల చీటీ కిందే, సార్బిట్రేట్ పక్కన, పెద్ద అక్షరాలతో రాసి ఇవ్వొచ్చు.